భిన్నం బండి

పోయిన నెల మా అబ్బాయి నంద్యాలలో ఒక పాత కారు కొనబోతూ నన్నూ వెంట తీసుకుపోయాడు. కార్ల గురించి నేను చెప్పేదేముంటుందని నన్ను పిలిచాడో తెలియదు. తిరుగు దారిలో మహానందికి పోదామని ఆశ పెట్టాడు, నేను ఎక్కి కూర్చున్నాను. అమ్మేవాళ్ళ ఇంటి ముందు తెల్లటి కారు నిగనిగలాడుతోంది. దాన్ని పరీక్ష చేయడానికి ఒకతను వచ్చాడు. అతని చేతిలో అగ్గిపెట్టెంత యంత్రం. దాన్ని బానెట్ మీద చోటు చోటునా ఆనించి, వచ్చిన అంకెను ఫోనులో రాసుకుంటున్నాడు. రంగు ఎంత మందంగా ఉందో ఆ యంత్రం చెబుతుందట. మందం ఎక్కువైతే అక్కడ దెబ్బ తగిలి మళ్ళీ రంగు వేశారని లెక్కట. నిలబడి నిలబడి నాకు కాళ్ళు లాగాయి. అతనింకా బానెట్ దగ్గరే ఉన్నాడు. ఊతానికని ఎడమవైపు ముందు తలుపు మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి తీయలేకపోయాను. "ఈ తలుపు మళ్ళీ చేయించింది రా" అన్నాను. యంత్రం అతను నవ్వాడు. తరువాత వచ్చి యంత్రం ఆనించి చూసి, నవ్వడం మానేశాడు. మా అబ్బాయి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అమ్మా, నీకెట్లా తెలిసింది?" అన్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు. తన అమ్మ పెళ్ళికి ముందు ఏం చేసేదో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు. అడిగాడు కాబట్టి రాస్తున్నాను.

మాది ఆళ్లగడ్డ. రాతిలో దేవుళ్ళను చెక్కే ఇల్లు. పొద్దు పొడవకముందే నాయన కొలిమి దగ్గర కూర్చుని ఉలులు కాచి మొనలు సరిచేసుకునేవాడు. బొగ్గు పొగ, తడిసిన రాతి వాసన, అమ్మ వండే సంగటి వాసన కలిసి ఒకే వాసనగా ఉండేవి, ఇప్పటికీ వాటిని విడదీసి చెప్పలేను. ముంగిట్లో సగం చెక్కిన నందులు, మొండెం లేని వినాయకులు, కళ్ళు తెరవని అమ్మవార్లు. రాతిపొడి ఎక్కడ పడితే అక్కడ ఉండేది. అమ్మ అన్నం వార్చేటప్పుడు గిన్నెను కొంగుతో కప్పేది, అయినా పంటి కింద కరకరమనేది. "మన ఇంట్లో దేవుణ్ణి తినకుండా ఎవురూ పెరగరు" అని నవ్వేది. నాయనకు ఎడమ కాలు కుంటు. పడుచుతనంలో క్వారీలో బండ జారి పడి విరిగితే, పుత్తూరు కట్టు తెలిసినాయన ఎవరో కట్టి అతికించాడు. ఆ కాలు ఈడ్చుకుంటూనే రాయి చుట్టూ రోజంతా తిరిగేవాడు. మాట తక్కువ. ఉన్న ఆ నాలుగు మాటలూ సుత్తి దెబ్బల్లాగే ఉండేవి.

చెక్కేది మగవాళ్ళు, నునుపు పెట్టేది ఆడవాళ్ళు. అది మా వృత్తిలో ఆచారం. నీళ్ళు చల్లుకుంటూ, గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా రుద్దుతూ పోవాలి. ఎక్కడ గీత మిగిలిందో కంటికి కనపడదు. అరచెయ్యి పెట్టి చూసుకోవాలి. పదేళ్ళప్పటి నుంచి అదే పని కాబట్టి నా చేతికి ఒక తెలివి వచ్చింది. గుడ్డతో తుడిచిన రాతి మీద వెంట్రుక పడి ఉన్నా కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. నాయన సంగతి వేరు. ఉలి పట్టి పట్టి ఆయన వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. పొగలు కక్కే సంగటి ముద్దను మామూలుగా పిసికేవాడు. చెవి మాత్రం పాము చెవి. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, రాయి మోగితే మంచిదనేవాడు, మొద్దుగా పలికితే లోపల పగులుందనేవాడు. చెవికి అనుమానం వచ్చిన చోట "పాపా, ఈడ చెయ్యి పెట్టి సూడు" అని నన్ను పిలిచేవాడు. నాకు ఇరవై ఏళ్ళు వచ్చినా పాపనే.

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మాట భిన్నం. విగ్రహానికి వేలి గోరంత ముక్క ఊడినా అది భిన్నమైనట్టే. ఇంక దానికి పూజ లేదు. ఏట్లో కలపాల్సిందే. రాతిపొడిని లక్కలో కాచి ఆ ముక్కను కనపడకుండా అతికించే విద్య నాయనకు తెలుసు. తెలిసినా చేసేవాడు కాదు. ఎవరైనా అట్లా అతికించి అమ్మారని తెలిస్తే ఆ ఇంట నీళ్ళు కూడా తాగేవాడు కాదు. ఒకసారి ఆరు నెలలు చెక్కిన అమ్మవారికి ఆఖరి రోజున చెవి కమ్మ ఊడింది. నాయన బండి కట్టించి వంకలో వదిలేసి వచ్చాడు. అమ్మ ఏడ్చింది. నాయన ఏడవలేదు, కానీ నాలుగు రోజులు ఉలి ముట్టలేదు.

ఇటువంటి మనిషి పాత కార్లు పరీక్ష చేసేవాడెట్లా అయ్యాడంటే, అదొక వేడుక. చాగలమర్రి వైపు నుంచి ఒక మోతుబరి రైతు నంది కావాలని కొత్తగా కొన్న పాత అంబాసిడర్‌లో వచ్చాడు. ఆయన నంది కొలతలు చెబుతుంటే నాయన బండికి ఆనుకుని వింటున్నాడు. చేతిలో చిన్న సుత్తి కర్ర. అలవాటు చొప్పున దాంతో బండి ఒళ్ళంతా టకటకా కొడుతూ పోయాడు. ముందు చక్రం పైన ఆగాడు. మళ్ళీ కొట్టాడు. "పాపా" అని పిలిచాడు. నేను తడి చెయ్యి తుడుచుకుని పెట్టి చూశాను. లోపల ఎక్కడో సన్నటి అల ఉంది, రేకు మీద ఉండకూడని అల. "ఏదో పూసినారు నాయనా" అన్నాను. రైతు గోటితో గీకి చూస్తే రంగు కింద తెల్లటి లప్పం రాలింది. రేకు గుంట పడితే దాన్ని లప్పంతో పూడ్చి, పైన రంగు వేసి, ఏమీ తగలని బండిగా అంటగట్టారు. పాపం ఆ రైతు నంది సంగతి మరచిపోయి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

అంతే, పేరు పాకింది. పాత బండి కొనాలంటే ముందు ఆళ్లగడ్డ ఆచారికి చూపించాలన్నారు. నందుల మధ్య అంబాసిడర్లు, జీపులు వచ్చి నిలబడేవి. ఉన్న విద్యకు తోడు మేము ఇంకొన్ని నేర్చుకున్నాం. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బండి పక్కన గొంతు కూర్చుని చూస్తే, రేకు మీద మన ఇంటి గోడ నీడ వంకర పోయిన చోట పని జరిగినట్టు. పాడైన రేడియోలోని అయస్కాంతానికి గుడ్డ చుట్టి ఆనిస్తే, లప్పం మందంగా ఉన్న చోట పట్టుకోకుండా జారుతుంది. తలుపు రబ్బరు ఎత్తితే పాత రంగు అంచు కనపడుతుంది. తలుపు సందులో నా చిటికెన వేలు పైన దూరి కింద దూరకపోతే ఆ తలుపు విప్పి బిగించారన్నమాట. మిట్టమధ్యాహ్నం బండి వేడెక్కినప్పుడు కొత్త రంగు వాసన ముక్కుకు తెలిసేది. రంగుల్లో తేడా మాత్రం అమ్మ చెప్పేది. "ఈ తలుపు ఒక ఉతుకు ఎక్కువ పడిన చీర మాదిరుండాది" అనేది, అదే నిజమయ్యేది. నాయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు, తమలపాకులు తప్ప. పేరంతా నాయనదే. చెయ్యి నాదని ఎవరికీ పట్టలేదు, నాకు మాత్రం లోలోపల మహా గర్వంగా ఉండేది.

అట్లాంటి రోజుల్లో దేవదానం అన్న వచ్చాడు. నంద్యాలలో బాడుగ కారు తోలేవాడు. నల్లటి అంబాసిడర్, అద్దంలా తుడిచి ఉంచేవాడు. ఏళ్ళ తరబడి మహానందికి యాత్రికులను తిప్పిన మనిషి. ఆయనకు రేచీకటి పట్టింది. పొద్దు వాలితే దారి మసక. పగలు మాత్రమే తోలుతానంటే బాడుగ బండికి ఎవరొస్తారు? ఆ బండి అమ్మి, సైకిళ్ళు బాడుగకిచ్చే అంగడి పెట్టుకోవాలని ఆయన ఆలోచన. బండి తప్ప ఆయనకు వెనకా ముందూ ఏమీ లేదు. మా ఊరి పక్క పల్లెలోని తిమ్మారెడ్డి కొంటానన్నాడు. బేరం కుదిరింది, ఆచారి చేత ఒక్క మాట అనిపించుకోవడమే మిగిలింది. ఇద్దరూ మా ముంగిట్లోకి వచ్చారు. దేవదానం అన్న నవ్వుతూ నిలబడ్డాడు, చేతిలో తుండుగుడ్డ.

నేను ముందు నుంచి మొదలుపెట్టాను. బానెట్ బాగుంది. ఎడమ పక్క బాగుంది. కుడివైపు వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. నాయన అయస్కాంతం పెట్టాడు, జారింది. "ఈడ లప్పం ఉండాది నాయనా" అన్నాను, అందరికీ వినపడేటట్టే అన్నాను.

నాయన కర్ర చంకలో పెట్టుకున్నాడు. "భిన్నమైంది రెడ్డీ. అతికించిన సరుకు. నేనైతే ముట్టను."

దేవదానం అన్న నవ్వు పోయింది. "ఆచారీ, అది ఏందంటే..." అని మొదలుపెట్టాడు. తిమ్మారెడ్డి ఆయన్ని ముగించనివ్వలేదు.

"ఆ మాట ముందే చెప్పల్ల గదప్పా. ఒకటి దాచినోడు ఇంకెన్ని దాచినాడో ఎవునికి తెలుసు?" అని మోటారు సైకిలెక్కి పోయాడు.

దేవదానం అన్న, తలుపు మీద నా తడి చేతి గుర్తు పడి ఉంటే, దాన్ని తుండుగుడ్డతో తుడిచాడు. బండెక్కి పోయాడు. నాకు ఏమనిపించిందో దాచను: గొప్పగా అనిపించింది. ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నాయన నోట వచ్చిన మాట ఊరికే పోతుందా? టీ అంగళ్ళలో, బస్సుల్లో, సంతల్లో తిరిగి తిరిగి దానికి భిన్నం బండి అని పేరు స్థిరపడింది. నాయన ఒక్క తలుపు గురించి అన్నాడు. జనం బండి మొత్తానికి తగిలించారు. దేవుడి పేరుతో ముడిపడిన మాట కాబట్టి భయం కూడా పట్టుకుంది. కొనేవాళ్ళ సంగతి అటుంచి, పగటి పూట బాడుగకు ఎక్కేవాళ్ళు కూడా తగ్గిపోయారని తరువాత తెలిసింది. గోరంత మాటకు కొండంత శిక్ష. అప్పట్లో నాకు ఇవేవీ తెలియవు. నేను ఆళ్లగడ్డలో టైపు నేర్చుకుంటున్నాను. రాతిని రుద్దిన వేళ్ళు మీటల మీద బాగానే ఆడుతున్నాయని మురిసిపోతున్నాను.

టైపు పరీక్ష నంద్యాలలో పెట్టారు. రాసి బయటికి వచ్చి బస్టాండుకు నడుస్తుంటే, ఒక చర్చి ఆవరణలో గోడ పక్కన నల్లటి అంబాసిడర్ కనపడింది. దాని నెత్తిన పాత చీర పరచి ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒకామె వాటిని కెలుకుతోంది. కుడివైపు వెనక తలుపు నాకు ఎదురుగా ఉంది. గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాను? ఆమె దేవదానం అన్న భార్య మార్తమ్మ, వాళ్ళిల్లు ఆ ఆవరణలోనే. ఆ తలుపు వైపే చూస్తూ ఆగిపోయిన నన్ను ఎగాదిగా చూసింది.

"ఆళ్లగడ్డ ఆచారి కూతురివి గదా నువ్వు? ఆ చెయ్యి పెట్టిన పాపవు?"

తలూపాను. "బండి ఇంకా పోలేదా అక్కా?"

"యాడ పోతాది? భిన్నం బండి అని పేరు పెట్టిస్తిరి. మీ దేవుళ్ళ లెక్క తెచ్చి మా బండికి కట్టిస్తిరి. ఆయప్ప పొద్దున లేచి దాన్ని తుడుస్తాడు, మళ్ళా కూర్చుంటాడు. మిరపకాయలకన్నా పనికొస్తాదని నేను ఆరబోస్తాండా."

ఏమనాలో తెలియక, "ఆ తలుపుకు ఏమైందక్కా?" అన్నాను.

మార్తమ్మ మిరపకాయలు కెలకడం ఆపింది. "ఇప్పుడు అడుగుతాండావా?" అంది. కోపంగా కాదు, వింతగా. తరువాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి చెప్పింది. ఆరేళ్ళ కిందట చాగలమర్రి దారిలో, నీళ్ళ బిందెతో ఒక పిల్ల రోడ్డుకు అడ్డం వచ్చిందట. దేవదానం అన్న ఆ పిల్లను తప్పించబోయి బండిని కాలువ మోరీ గోడకు రాసేశాడు. పిల్లకు ఏమీ కాలేదు, బిందె కూడా దొర్లలేదు. తలుపు లోపలికి పోయింది. టింకరింగు చేసేవాళ్ళు దాన్ని కొట్టి సరిచేసి, లప్పం పెట్టి, రంగు వేశారు. అంతే. ఇంజనుకు, ఇరుసుకు, చక్రానికి ఏమీ తగల్లేదు. ఆరేళ్ళలో ఆ తలుపు ఒక్కసారి కిర్రుమనలేదు. "అడిగింటే చెప్పేటోడే" అంది మార్తమ్మ. "అడిగింది ఎవురు? బండిని తట్టిరి, బండిని తడిమితిరి. మనిషి పక్కనే నిలబడుకోనుండె గదా."

ఆ చెంబెడు నీళ్ళు నేను తాగలేకపోయాను. బస్సులో ఆళ్లగడ్డ దాకా నా అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను. అంతవరకూ నా ఒంట్లో నాకు బాగా ఇష్టమైనది అదే.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను. నాయన ఉలి ఆపకుండా విన్నాడు. "తగిలింది నిజమే గదా? నేను అబద్ధం చెప్పినానా?" అన్నాడు.

"అబద్ధం చెప్పలే నాయనా."

"మరి? అతికించిందాన్ని అతికించిందనే అంటారు. భిన్నం భిన్నమే."

పొయ్యి దగ్గరున్న అమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "నీ కాలు ఇరిగి అతుక్కుంది గదా. నిన్నేమన్నా ఏట్లో కలిపినానా నేను? అతుకుల మనిషితోనే సంసారం చేస్తాండా గదా ఇన్నేండ్ల నుంచి!" అంది. "రాతికి నోరు లేదని కొట్టి సూస్తారు. ఆ మనిషికి నోరుండాది గదా. ఒక్క మాట అడిగితే నీ నోట్లో ముత్యాలు రాల్తాయా?"

నాయన ఉలి కింద పెట్టేశాడు. ఆయనకు ఎదురు చెప్పినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు, ఆయన సమాధానం వెతుక్కోవడమూ చూడలేదు. ఆ సాయంత్రమంతా ఎడమ మోకాలు నిమురుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. ఇప్పుడు తలచుకుంటే నాయన మీద నాకు జాలి వేస్తుంది. ఆయన తన విద్య తప్ప మరో కొలత తెలియని మనిషి. మచ్చ ఉంటే దేవుడే దేవుడు కాకుండా పోయే లోకంలో బతికాడు. మచ్చలతోనే నడిచే వస్తువులు, మనుషులు ఉంటారని ఆయనకు ఎవరు చెప్పాలి? ఇప్పటి యంత్రాలను నేను తక్కువ చేయను. నా చెయ్యి చేసిన పనే అవీ చేస్తున్నాయి, పైగా వాటికి గర్వం లేదు. కానీ పోయిన నెల ఆ తెల్ల కారు దగ్గర యంత్రం అంకెలు చెబుతూ ఉంటే, అమ్మే ఆయన అరుగు మీద కూర్చుని మా వైపే చూస్తున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంత నేర్చుకున్నాననుకునే నేను కూడా అడగలేదు. ఇంటికి వచ్చాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. బుద్ధి అన్నది ఒకసారి వస్తే ఇంక ఉండిపోతుందనుకోవడం ఉత్త భ్రమ.

మూడో రోజు నాయన చొక్కా వేసుకుని, "పాపా, పద" అన్నాడు. నంద్యాల బస్సెక్కాం. చర్చి ఆవరణలో దేవదానం అన్న బండి తుడుస్తున్నాడు. నాయన పోయి ఎదురుగా రాయి మీద కూర్చున్నాడు.

"దేవదానం, ఆ తలుపుకు ఏం తగిలిందో చెప్పు. ఆ పొద్దు అడగలే. ఇప్పుడు అడుగుతాండా."

దేవదానం అన్న తుండుగుడ్డ మడిచి బానెట్ మీద పెట్టాడు. తరువాత చెప్పాడు. మోరీ సంగతి, పిల్ల సంగతి, ఆమె భయంతో బిందె వదలకుండా రోడ్డు మధ్యలోనే ఏడుస్తూ నిలబడిపోయిన సంగతి. నాయన మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. అంతా విని, "తప్పయిపోయింది" అన్నాడు. నాయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. ఆయనకు పలకడం కూడా సరిగా రాలేదు. తరువాత అసలు సంగతికి వచ్చాడు. మిడుతూరు దగ్గర ఒక పల్లెకు వినాయకుడు తయారై ఉన్నాడు. ఎప్పుడూ ఎడ్లబండిలో గడ్డి పరచి పంపుతాం. ఈసారి ఈ కారులో తీసుకుపోదామన్నాడు.

మార్తమ్మ గడప మీది నుంచి, "మీ దేవుణ్ణి మా బండిలో ఎక్కిస్తే మా చర్చి అయ్యగారు ఏమంటాడో!" అంది.

"మహానందికి ఎంతమందిని మోసిందో ఈ బండి. బాడుగ బండికి యాడి మతం లేమ్మే" అన్నాడు దేవదానం అన్న.

"ప్రతిష్ఠ అయ్యేదాకా అది రాయే" అన్నాడు నాయన. అట్లా కుదిరింది.

అనుకున్న రోజు పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి బయలుదేరాం. వెనక సీటులో గడ్డి, గోనెల మధ్య వినాయకుడు, ఆయన్ని పట్టుకుని నేను. ముందు నాయన, దేవదానం అన్న. పల్లె పొలిమేరలో డప్పులు, టెంకాయలు, జనం. బండి ఆగగానే ఎవరో గుర్తుపట్టారు. "ఇది భిన్నం బండి గదా! ఇందులో తెస్తారా దేవుణ్ణి?" అన్నారు. డప్పులు ఆగిపోయాయి. వాళ్ళు విగ్రహం వద్దంటే నాయన పేరు పోతుంది. దించుకుని బండిని తిట్టి పంపితే దేవదానం అన్న ఇంక ఎప్పటికీ లేవడు.

నాయన దిగి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఆ పేరు పెట్టింది నేనే. సగం తెలిసి పెట్టినా. ఈ తలుపుకు తగిలింది, బాగు చేసినారు. ఒక ఆడబిడ్డను కాపాడబోయి తగిలింది. భిన్నం అనేది దేవుడికి, బండికి కాదు. నా కాలు గూడా ఇరిగి అతికిందే. ఆ కాలి మీద నిలబడే మీ దేవుణ్ణి చెక్కినా. వద్దంటే చెప్పండి, ఎనక్కి తీసకపోతా" అన్నాడు. అమ్మ మాటను తన సొంతం చేసుకుని దర్జాగా చెప్పేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

గుడి పెద్ద లింగన్న అనే రైతు. ఆయన ముందుకు వచ్చి కారు తలుపు తెరిచి, వినాయకుడి పాదాలకు దండం పెట్టి, "దించండప్పా" అన్నాడు. డప్పులు మళ్ళీ మోగాయి.

భోజనాలయ్యాక లింగన్న మా దగ్గరికి వచ్చాడు. ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే నంద్యాలకు తీసుకుపోవడానికి బండి లేదు, చాలా రోజుల నుంచి ఒకటి కొనాలనుకుంటున్నానన్నాడు. "ఆచారీ, ఈ బండి ఎట్లుంటాది? నువ్వు చెప్పు" అన్నాడు.

"నన్నడగొద్దు. ఆయన్నే అడుగు" అన్నాడు నాయన.

లింగన్న దేవదానం అన్న వైపు తిరిగాడు. "తలుపు సంగతి ఇన్నాం. ఇంకేమన్నా ఉండాదా అప్పా?"

దేవదానం అన్న తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు. నేను ఆ బండి ఒళ్ళంతా తడిమిన మనిషిని. ఇంకేమీ లేదని నాకు తెలుసు. లేదు అంటాడు, బేరం కుదురుతుంది అని చూస్తున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, బండి వెనక్కి నడిచి డిక్కీ తెరిచాడు. లోపలి చాప పక్కకు లాగాడు.

"ఈడ ఉండాది" అన్నాడు. "ఒకతూరి వంక పొంగి బండి మూడు దినాలు నీళ్ళల్లో ఉండె. అడుగు రేకు తుప్పు పట్టిపోతే కొత్తది ఏసి వెల్డింగు పెట్టించినా. పైన తారు పూసినారు. వానాకాలంలో సూసుకోవల్ల. లేకుంటే మళ్ళా పోతాది."

నాయన నన్ను చూశాడు. "పాపా, చెయ్యి పెట్టి సూడు."

వంగి చెయ్యి పెట్టాను. అంచు నుంచి అంచు దాకా మెల్లగా జరిపాను. కళ్ళు మూసుకుని మళ్ళీ జరిపాను. ఏమీ తెలియలేదు. "దొరకలే నాయనా" అన్నాను. నాయన కర్రతో తట్టాడు. తల అడ్డంగా ఊపాడు. ఆయనకూ దొరకలేదు.

లింగన్న డిక్కీలోకి తొంగి చూసి, చాప తనే సర్ది, మూత వేశాడు. "ఇది చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు గదా" అన్నాడు. "చెప్పినోడి బండి కొనొచ్చు." అక్కడికక్కడే మాట ఖాయమైంది. దేవదానం అన్న బీగాలు ఆయన చేతిలో పెట్టి, తలుపును ఆఖరుసారి తుడిచాడు. చాలా సేపు తుడిచాడు.

ముగ్గురం బస్సులో వెనక్కి బయలుదేరాం. నాయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నేను, దేవదానం అన్న పక్కపక్కన కూర్చున్నాం. ఆయన చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. నాలో ఒక మాట పొద్దున్నుంచి తిరుగుతోంది. ఆయన మంచివాడని ఆయన నోటితోనే వినాలనిపించింది. అట్లా వింటే నా తప్పు పూర్తిగా నాదే అవుతుంది, ఒకసారి బాగా ఏడ్చి తేలికపడొచ్చు.

"అన్నా, ఆ పొద్దు మా ముంగిట్లో నేను ఒక్క మాట అడిగింటే, అంతా చెప్పేవాడివా?"

బస్సు రెండు ఊళ్ళు దాటింది.

"తెల్దు పాపా" అన్నాడు. "ఎవురూ అడగలే గదా. చెప్పేటోణ్ణో లేదో నాకూ తెల్దు."